తప్పులు పెట్టడంలో ముప్పై ఏళ్ళ అనుభవం

డ్రైవరు ఉద్యోగానికి వచ్చినవాడు ఆఫీసు గేటుని గుద్ది లోపలికొస్తే ఇక వాణ్ణి లైసెన్సు చూపించమని ఎవరూ అడగరు. ప్రూఫ్ రీడరు ఉద్యోగానికి పంపిన రెజ్యూమెలో అక్షరం తప్పు పడినా అంతే. మిగతా ఉద్యోగాలకి అదొక చిన్న పొరపాటు. మన ఉద్యోగంలో అసలు పనే దాన్ని పట్టుకోవడం.

నేను రిటైరయ్యాక తెలుగు ఎమ్మే చేసిన పిల్లలు కొందరు వాళ్ళ రెజ్యూమెలు పట్టుకుని మా ఇంటికి వస్తున్నారు. ఒకసారి చూసిపెట్టమంటారు. నేను చదువుతున్నంతసేపూ నా ముఖంలోకే చూస్తుంటారు, డాక్టరు ఎక్స్‌రే ఎత్తి పట్టుకున్నప్పుడు చూసినట్టు. ఇలా రాయాలి, అలా రాయకూడదు అని నియమాలు చెప్పడం నాకు చేతకాదు. అందుకని మా ముగ్గురికీ జరిగింది చెబుతుంటాను. చెప్పిన ప్రతిసారీ ఏదో ఒకటి వదిలేస్తున్నాననిపించి, ఈసారి కూర్చుని రాస్తున్నాను.

మేం పనిచేసింది రాజమండ్రిలో ఒక దినపత్రిక ఎడిషన్ ఆఫీసులో. జిల్లా పేజీలన్నీ అక్కడే తయారయ్యేవి. సబ్ ఎడిటర్లు పేజీ కట్టి కాగితం మీద తీసి మాకిస్తే, మేం ఎర్ర పెన్నుతో తప్పులు దిద్ది వెనక్కి పంపేవాళ్ళం. ముఖ్యమైన పేజీ అయితే ఒకరు పైకి చదువుతుంటే ఇంకొకరు కాగితం మీద చూసేవాళ్ళం. కంటికి దొరకనిది ఒక్కోసారి చెవికి దొరుకుతుంది. ఇంతకుమించి మా పని గురించి మీకు చెప్పాల్సిందేమీ లేదు.

ఒకప్పుడు ఆ సెక్షన్లో చాలామందిమి ఉండేవాళ్ళం. చివరికి ముగ్గురం మిగిలాం. పేర్లు రాయను. మా ఆఫీసులో ఎలాగూ ఊరిపేర్లతోనే పిలుచుకునేవారు.

ద్రాక్షారామం ఆయన మాలో పెద్ద. ముప్పై ఏళ్ళు అదే బల్ల దగ్గర కూర్చున్నారు. నేను అన్నయ్యగారూ అనేదాన్ని. ఒకసారి ఒక పెద్దకర్మ ప్రకటన వచ్చింది. అక్షరాలన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఆయన మాత్రం తారీఖుకీ వారానికీ పొంతన లేదని పట్టుకుని, ఆ ఇంటికి ఫోన్ చేయించారు. చేయించకపోతే బంధువులంతా భోజనాలు అయిపోయిన మర్నాడు దిగేవారు. ఆ కుటుంబం వాళ్ళు తర్వాత ఆఫీసుకొచ్చి దండం పెట్టి వెళ్ళారు. ఆయన సిగ్గుపడి క్యాంటీన్లోకి వెళ్ళిపోయారు.

రెండో మనిషి పట్టిసీమ అమ్మాయి. వాళ్ళది గోదావరి మీద చేపలు పట్టే కుటుంబం. నాన్న పడవ మీద వెళితే, అమ్మ తట్ట పట్టుకుని కొవ్వూరు మార్కెట్‌కి వెళ్ళేది. ఈ పిల్ల దూరవిద్యలో ఎమ్మే చేసి మా దగ్గర చేరింది. ద్రాక్షారామం ఆయన్ని మాస్టారూ అనేది, నన్ను మేడమ్ అనేది. ఆయన పక్కన కూర్చునే పని నేర్చుకుంది. మూడోదాన్ని నేను.

కరోనా తర్వాత పేపర్లో పేజీలు తగ్గాయి. ఒకరోజు ఎడిషన్ ఇన్‌ఛార్జి మా ముగ్గుర్నీ తన గదిలోకి పిలిచి టీ తెప్పించారు. అన్నేళ్ళలో ప్రూఫ్ సెక్షన్ వాళ్ళకి ఆ గదిలో టీ ఇవ్వడం అదే మొదలు. కాబట్టి టీ రాకముందే మాకు విషయం అర్థమైంది. కొత్త సాఫ్ట్‌వేర్ వస్తోందట, తప్పు మాట కనిపిస్తే దానికింద అదే ఎర్రగీత పెడుతుందట, ఇక సబ్ ఎడిటర్లే చూసుకుంటారట. ఆయన మంచిగానే చెప్పారు, చెప్పలేక చెప్పారు. మేం టీ తాగి కప్పులు ట్రేలో పెట్టి బయటికొచ్చాం.

అప్పుడు మొదలైంది మా రెజ్యూమెల కథ. ఏళ్ళ తరబడి ఊళ్ళోవాళ్ళు రాసినవి దిద్దిన ముగ్గురం, మా గురించి మేము ఒక్క కాగితం ఎప్పుడూ రాసుకోలేదు. మా రోజుల్లో తెలిసినవాళ్ళు తీసుకెళ్ళి కూర్చోబెడితే ఉద్యోగం. ఇప్పుడు రెజ్యూమె కావాలన్నారు. ముగ్గురం ఎవరికి వారే, వేరే వేరే రోజుల్లో, కంబాలచెరువు దగ్గర ఒక నెట్ సెంటర్‌కి వెళ్ళాం. కలిసి వెళ్ళకపోవడానికి కారణం నామోషీ. ఇన్నేళ్ళు పనిచేసి ఇప్పుడు బయోడేటా రాయించుకుంటున్నామని ఒకరికొకరు తెలియనివ్వలేదు.

ఆ సెంటర్ నడిపే ఆయన దగ్గర ఒక నమూనా ఉంది. దాంట్లో పేరు మార్చి అందరికీ ఇస్తాడు. నా రెజ్యూమె పైన లక్ష్యం అని ఒక పేరా ఉండేది. సాఫ్ట్‌వేర్ రంగంలో పేరున్న సంస్థలో చేరి నా సాంకేతిక నైపుణ్యాలను పెంపొందించుకోవడం నా లక్ష్యమట. నాకంటే ముందు వచ్చిన ఎవరో ఇంజనీరింగ్ పిల్లవాడి లక్ష్యం అది. యాభై దాటిన నేను దాన్ని చదివి, బాగానే ఉందనుకుని పంపించాను. ఇంతకంటే పెద్ద పొరపాటు ఇంకొకటి ఉంది. నాకు ఈమెయిల్ లేదు. మా అబ్బాయి కాలేజీలో చదివేటప్పుడు సరదాకి పెట్టుకున్న మెయిలు ఒకటి ఉంటే అదే ఇచ్చాను. దాని పేరు ఇక్కడ రాయలేను. అందులో రౌడీ అన్న మాట ఉందని మాత్రం చెబుతాను. మా వాడు దాన్ని తెరవడం మానేసి ఏళ్ళయింది. విజయవాడ నుంచి ఒక ప్రచురణ సంస్థవాళ్ళు నన్ను పరీక్షకి రమ్మని ఆ మెయిలుకే రాశారు. ఆ సంగతి నాకు పరీక్ష అయిపోయాక తెలిసింది.

పట్టిసీమ అమ్మాయి తన రెజ్యూమెని మా ఆఫీసు పేజీల్లో వాడే ఫాంటులోనే టైపు చేయించి వర్డ్ ఫైలుగా పంపించింది. ఆ ఫాంటు లేని కంప్యూటర్లో తెరిస్తే ఒక్క తెలుగు అక్షరం కనిపించదు, ఇంగ్లీషు అక్షరాలూ బ్రాకెట్లూ కలిపి పిచ్చిగీతల్లా వస్తాయి. ఆ పిల్ల పంపిన చోటల్లా అలాగే తెరుచుకుని ఉంటుంది. ఎవరూ ఫోన్ చేసి అడగలేదు. ఎందుకు అడుగుతారు?

మీలో ఎవరైనా ఇది చదువుతుంటే ముందు ఆ రెండు పనులు చేసుకోండి. మీ పేరుతో ఒక మంచి మెయిలు పెట్టుకోండి, రోజూ తెరవండి. ఫైలు పీడీఎఫ్ చేసి, ముందు మీ ఇంట్లోవాళ్ళ ఫోనుకి పంపి, అది తెలుగులోనే తెరుచుకుంటోందో లేదో చూడండి.

సెక్షన్ మూసేసి కొన్ని నెలలు గడిచాయి. ముగ్గురికీ ఎక్కడి నుంచీ పిలుపు అందలేదు. ఒకరోజు ద్రాక్షారామం ఆయన తన రెజ్యూమె నాకు వాట్సాప్‌లో పంపించారు. నాకు తెలిసినవాళ్ళెవరికైనా ఇవ్వమని రాశారు. అంతకుముందే చాలాచోట్లకి పంపారట, జవాబు లేదట, వయసు చూసి పక్కన పెట్టేస్తున్నారని ఆయన అనుమానం. అది రాసిన తీరులో ఎప్పుడూ లేని దైన్యం కనిపించింది. ఆ ఇంట్లో సంపాదన ఆయనొక్కడిదే.

ఆ వారంలోనే పట్టిసీమ అమ్మాయి ఏదో పని మీద రాజమండ్రి వచ్చి మా ఇంటికొచ్చింది. నా ఫోనులో ఆయన రెజ్యూమె చూపించాను. ఆరు పేజీలుంది. ఎత్తు, బరువు, చిన్నప్పుడు వ్యాసరచనలో వచ్చిన బహుమతులు, పుష్కరాల్లో చేసిన సేవ, అన్నీ ఉన్నాయి. అసలు పని గురించి మూడో పేజీలో ఒక్క వాక్యం ఉంది. ఆ అమ్మాయి చదువుకుంటూ వెళ్ళి అక్కడ ఆగింది. వెనక్కి జరిపి మళ్ళీ చదివింది. తర్వాత ఫోను నా వైపు తిప్పింది.

తప్పులు పెట్టడంలో ముప్పై ఏళ్ళ అనుభవం, అని ఉంది.

పట్టడంలో అని ఉండాలి. ఒక్క గుణింతం. ఇద్దరం ముందు నవ్వాం. నవ్వు మధ్యలోనే ఆగిపోయింది, ఇది ఎన్నిచోట్లకి వెళ్ళిందో గుర్తొచ్చింది. పెట్టడం కూడా మంచి తెలుగు మాటే కదా, ఏ సాఫ్ట్‌వేరూ దానికింద గీత పెట్టదు. చూసినవాళ్ళు నవ్వుకుని పడేసి ఉంటారు. ఆయనేమో తన వయసుని తిట్టుకుంటున్నారు.

ఆయనకి చెప్పాలా వద్దా అని చాలాసేపు మాట్లాడుకున్నాం. తాను చెప్పలేనని ఆ అమ్మాయి అంది. ఆయన దగ్గర ఓనమాల నుంచీ నేర్చుకున్నదాన్ని, ఆయన తప్పు ఆయనకే ఎలా చూపించనని బాధపడింది. చెప్పకుండా మనమే సరిచేసి పంపేద్దామా అని కూడా ఆలోచించాం. అది ఆయన్ని ఇంకా చిన్నబుచ్చడమే. చివరికి ఇద్దరం కలిసి వెళదామని తేల్చుకున్నాం.

ఆదివారం పొద్దున్నే రామచంద్రపురం మీదుగా ద్రాక్షారామం వెళ్ళాం. వాళ్ళ ఇల్లు భీమేశ్వరస్వామి గుడికి వెనకవైపు వీధిలో. ఆ రోజు ఊళ్ళో పెళ్ళిళ్ళున్నట్టున్నాయి, వీధంతా కార్లు. వదినగారు కాఫీలిచ్చారు. ఆయన మమ్మల్ని చూసి సంతోషపడి, ఎవరైనా రమ్మన్నారా అని అడిగారు. బ్యాగులోంచి ఆయన రెజ్యూమె ప్రింటు తీసి, మూడో పేజీ మీద ఒక మాట చూడాలి అన్నయ్యగారూ అన్నాను.

ఆయన కళ్ళజోడు పెట్టుకున్నారు. పేజీ మొత్తం చదివారు. తలెత్తి, ఇందులో ఏముందన్నారు. ఒక తప్పుంది, మళ్ళీ చూడమన్నాను. తప్పు ఉందని తెలిశాక ఆయన కూర్చునే తీరు మారింది. వీపు నిటారుగా పెట్టి, పెన్ను మొన వాక్యం కింద జరుపుతూ, ఆఫీసులో చదివినట్టు చదివారు. ఆ వాక్యం మీదుగా కూడా పెన్ను వెళ్ళింది. ఆగలేదు.

"ఇందులో తప్పేం లేదమ్మా," అన్నారు.

ఆయన అబద్ధమాడటం లేదు. ఆయన చేత్తో రాసుకుని టైపుకిచ్చింది పట్టడం. ఆయన కళ్ళు కాగితాన్ని చూస్తున్నాయి కానీ మనసు తాను రాసుకున్నదాన్నే చదువుతోంది. ముప్పై ఏళ్ళు ఒక్క అక్షరాన్ని వదలని మనిషి, ఫలానా పేజీలో తప్పుందని చెప్పినా, పట్టుకోలేకపోతున్నారు. మీరు ఇంకేం గుర్తుంచుకోకపోయినా ఈ ఒక్క దృశ్యం గుర్తుంచుకోండి.

ఆ అమ్మాయి తల దించుకుని కూర్చుంది. నేను కాగితం తీసుకుని ఆ వాక్యాన్ని పైకి చదివాను, సెక్షన్లో చదివినట్టే, మాట మాటకీ ఆగుతూ.

ఆయనకి వినిపించింది. కాగితం నా చేతిలోంచి తీసుకుని చాలాసేపు చూశారు. ఆ తర్వాత కళ్ళజోడు తీసి పక్కన పెట్టేశారు.

"పేపర్లో కూడా ఇలాగే వదిలేశానేమో కదమ్మా, ఇన్నాళ్ళూ," అన్నారు. "ఎవరూ చెప్పలేదేమో."

అది నేను ఊహించలేదు. ఉద్యోగం రాలేదన్న బాధకే సిద్ధపడి వెళ్ళాను. ఆయనకి ఆ ముప్పై ఏళ్ళ మీదే అనుమానం వచ్చేసింది. పైగా ఒక కంటికి శుక్లం ముదిరిందనీ, డాక్టరు ఆపరేషన్ చేయించుకోమంటున్నా వాయిదా వేస్తున్నాననీ అప్పుడు చెప్పారు. కళ్ళు పోయినట్టున్నాయి, ఇక ఈ పనికి పనికిరానన్నారు.

"అది కాదన్నయ్యగారూ," అన్నాను. "అక్కడ మీరు చూసింది మేం చూసేవాళ్ళం, మేం చూసింది మీరు చూసేవారు. దీన్ని మీరొక్కరే చూశారు. అంతే తేడా."

వంటింటి గుమ్మంలో నిలబడి ఇదంతా వింటున్న వదినగారు మెల్లిగా, "తప్పులు పెట్టడంలో ఈయన అనుభవం గురించి పెళ్ళయిన కొత్తలోనే చెబుదామనుకున్నానండి, నన్నెవరూ అడగలేదు," అన్నారు.

ఆ పిల్ల ముందు నవ్వింది. తర్వాత నేను. ఆయన కాసేపు బిగబట్టుకుని, ఇక ఆపుకోలేక నవ్వారు. నవ్వుతూనే కండువాతో కళ్ళు తుడుచుకున్నారు. ఆ కన్నీళ్ళలో నవ్వువల్ల వచ్చినవెన్నో నాకు తెలియదు.

మధ్యాహ్నం భోజనం పెట్టేదాకా వదినగారు కదలనివ్వలేదు. భోజనాలయ్యాక ఆయన మా రెజ్యూమెలు కూడా తీయమన్నారు. నా సాఫ్ట్‌వేర్ లక్ష్యం చదివి, ఇంత ఆశయం ఉందని ఎప్పుడూ చెప్పలేదేమిటమ్మా అన్నారు. తన ఆరు పేజీలు తానే కొట్టేయడం మొదలెట్టారు. ఎత్తు, బరువు పోయాయి. బహుమతులు పోయాయి. పుష్కరాల సేవ దగ్గర కొంచెం ఆగి, అది కూడా కొట్టేశారు. అలా తీసేస్తూ పోతే చివరికి అసలు పని గురించి రాయడానికి జాగా దొరికింది. ఏ పేజీలు చూసేవారు, ఎంతమందికి పని నేర్పారు, సైన్సు, వ్యవసాయం, భక్తి, ఏ ఏ విషయాల పుస్తకాలు బయటివాళ్ళకి చూసిపెట్టారు, అన్నీ సగం పేజీలో వచ్చాయి.

ఆ అమ్మాయి రెజ్యూమెది వేరే రోగం. అందులో ఏమీ లేదు. ప్రూఫ్ రీడర్, నాలుగేళ్ళు, అని ఒక్క ముక్క. నాలుగేళ్ళు ఏం చేశావమ్మా అని ఆయన అడిగితే, మీరు చెప్పినవే చేశాను మాస్టారూ అంది. ఆయన ఒక్కొక్కటీ అడిగి లాగారు. గోదావరికి వరదలొచ్చినప్పుడు నది మధ్య లంకగ్రామాల పేర్లు ఎవరు సరిచూశారు? తనే. రిపోర్టర్లు ఒక్కో లంకకి ఒక్కో రకంగా రాసి పంపిస్తుంటే ఊళ్ళకి ఫోన్లు చేసి కనుక్కున్నది ఎవరు? తనే. ఇంటర్నెట్ ఎడిషన్ వాళ్ళకి కాగితం లేకుండా కంప్యూటర్ మీదే పీడీఎఫ్‌లో దిద్దిపెట్టింది ఎవరు? అదీ తనే. మరి రాయలేదేం అంటే, అవి కూడా రాస్తారని తెలియదంది. ఆ పిల్ల డిగ్రీ అయ్యాక రెండేళ్ళు అమ్మతో కొవ్వూరు మార్కెట్లో కూర్చుని చేపలమ్మింది. ఆ రెండేళ్ళూ ఖాళీగా కనిపిస్తాయని భయపడుతుంటే నెట్ సెంటర్ ఆయన ఏదో ట్యుటోరియల్లో పాఠాలు చెప్పినట్టు పెట్టేద్దామన్నాడట. అలా రాయకమ్మా అన్నారు ద్రాక్షారామం ఆయన. చేపలమ్మిన సంగతి రాయనక్కర్లేదు, దాచనూ అక్కర్లేదు, అడిగితే జరిగింది చెప్పమన్నారు.

సాయంత్రానికి ముగ్గురివీ ఒక్కొక్క పేజీకి వచ్చాయి. నాది ఆయన చదివితే ఆ అమ్మాయి చూసింది. ఆ అమ్మాయిది నేను చదివాను. ఎవరిదీ వాళ్ళ చేతికి ఇవ్వలేదు.

తర్వాత కొద్దిరోజులకే రాజమండ్రి దానవాయిపేటలో స్కూలు పుస్తకాలు వేసే ఒక ప్రచురణ సంస్థ వాళ్ళు ప్రూఫ్ రీడర్లు కావాలని ప్రకటన ఇచ్చారు. ఈసారి ప్రకటనని కూడా ప్రూఫు చదివినట్టే చదివాం. ఇదివరకు పంపినప్పుడు ముగ్గురిలో ఒక్కరం కూడా ప్రకటన చివరిదాకా చదివినవాళ్ళం కాదు. పీడీఎఫ్ మీద దిద్దగలవారై ఉండాలి అని కింద చిన్నక్షరాల్లో ఉంది. అది చూసి ద్రాక్షారామం ఆయన, ఇది నాకు కాదమ్మా, మీరిద్దరూ పంపండి అన్నారు. అప్పటికి ఆ అమ్మాయి మా ఇద్దరికీ నేర్పుతోంది, నాకు కొద్దిగా వచ్చింది. ఆయన మాత్రం కంప్యూటర్ ముందు ఎక్కువసేపు కూర్చోలేకపోయారు, తెర మీద అక్షరాలు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోతున్నాయని. నెట్ సెంటర్ ఆయన, వచ్చు అని పెట్టేయండి మాస్టారూ, ఎవరు చూడొచ్చారన్నాడు. ఆయన ఒప్పుకోలేదు, ఉన్నదే రాసి పంపమని మేమిద్దరం పట్టుబట్టాం. కాగితం మీద దిద్దగలను, తెర మీద దిద్దడం నేర్చుకుంటున్నాను, అని రాయించారు.

ముగ్గురికీ పిలుపొచ్చింది. నాది నా సొంత మెయిలుకే వచ్చింది.

పరీక్ష రోజు మాతోపాటు ఇంకో పదిమంది దాకా వచ్చారు. అంతా మా పిల్లల వయసువాళ్ళు. ముందు మేనేజరుగారు ఒక్కొక్కరినీ లోపలికి పిలిచి మాట్లాడారు. నలభై ఏళ్ళుంటాయి, నెమ్మదస్తుడు. ఆ అమ్మాయిని ఖాళీగా ఉన్న రెండేళ్ళ గురించి అడిగారట. అమ్మతో కలిసి మార్కెట్లో చేపలమ్మానండి, అందిట. సరేనండి, అని ఆయన తర్వాత ప్రశ్నకి వెళ్ళిపోయారట. మేం ముగ్గురం వారాల తరబడి పడిన భయం ఆ ఒక్క సరేతో అయిపోయింది.

ద్రాక్షారామం ఆయన లోపలికి వెళ్ళి చాలాసేపటికి గానీ రాలేదు. లోపల జరిగింది తర్వాత ఆయనే చెప్పారు. మేనేజరుగారు బల్ల మీద రెండు రెజ్యూమెలు పెట్టారట. ఒకటి కొత్తది. రెండోది పాత ఆరు పేజీలది. అది ఇక్కడికి కూడా పంపిన సంగతి ఈయన మర్చిపోయారు. మూడో పేజీలో ఆ మాట చుట్టూ ఎవరో ఎర్రగా సున్నా చుట్టి ఉంది.

"ఇదివరకు కూడా ఒకటి పంపించారు కదండి," అన్నారట మేనేజరుగారు.

"అదీ నాదేనండి. దాన్ని నేనొక్కణ్ణే చూసుకున్నాను. దీన్ని ముగ్గురం చూశాం."

అది చూసి తమ ఆఫీసంతా నవ్వుకున్నారనీ, ఏమీ అనుకోవద్దనీ మేనేజరుగారు నొచ్చుకుంటూ చెప్పారట. నవ్వొచ్చే మాటేనండి, మా ఇంట్లో కూడా నవ్వారు, అన్నారట ఈయన. ఆ తర్వాత ఇద్దరూ మామూలు మనుషుల్లా పని గురించి మాట్లాడుకున్నారట. బయటికి వచ్చేటప్పటికి ఆయన ముఖంలో ఆ ద్రాక్షారామం ఆదివారం నాటి బెంగ లేదు. నేను దాన్ని శుభశకునం అనుకున్నాను.

పరీక్షకి ఆరో తరగతి సైన్సు పాఠం ఒకటి కంప్యూటర్లో ఇచ్చారు. ఆ అమ్మాయి చకచకా చేసుకుపోయింది. నేను తడుముకుంటూ పూర్తిచేశాను. ఆయన కాసేపు తెర ముందు అవస్థపడి, కాగితం మీద ఇవ్వగలరా అని అడిగారు. మేనేజరుగారు పెద్దమనిషని గౌరవించి ప్రింటు తీసి ఇచ్చారు. కాగితం చేతికి రాగానే ఆయన కుదురుకుని హాయిగా దిద్దారు.

సాయంత్రం ఫలితాలు చెప్పారు. ఆ అమ్మాయినీ నన్నూ తీసుకున్నారు. ఆయన్ని మళ్ళీ లోపలికి పిలిచారు. తలుపు తెరిచే ఉంది, మాకు వినిపిస్తూనే ఉంది.

"మీ పని నాకు నచ్చిందండి," అన్నారు మేనేజరుగారు. "కానీ మా దగ్గర కాగితం తిరగదు. బొమ్మలు వేసేవాళ్ళు ఒక ఊళ్ళో, పేజీలు కట్టేవాళ్ళు ఇంకో ఊళ్ళో ఉంటారు."

"నేర్చుకుంటున్నానని రాశానండి."

"చూశాను. ఉన్నది ఉన్నట్టు రాశారనే పిలిచాను. కానీ స్కూళ్ళు తెరిచేలోగా పుస్తకాలు రావాలండి. ఆగలేను."

"మళ్ళీ ఎప్పుడు తీసుకుంటారు?"

"వచ్చే సీజనుకి."

"అయితే అప్పుడొస్తాను," అని ఆయన నమస్కారం పెట్టి బయటికొచ్చారు.

కోటిపల్లి బస్టాండు దాకా ముగ్గురం నడిచాం. నాకు సంతోషపడాలో లేదో తెలియలేదు. ఆ పిల్ల అయితే ఏడుపు ముఖం పెట్టింది. నిజం రాయించింది మనమే కదా మేడమ్, వచ్చు అని రాసి ఉంటేనో, అని నా చెవిలో అంది. ఆయనకి వినిపించినట్టుంది. వచ్చు అని రాస్తే ఈ రోజు ఆ తెర ముందు అబద్ధాలకోరుగా కూర్చునేవాణ్ణమ్మా, ఇప్పుడు రానివాడిగా కూర్చున్నాను, రానిది నేర్చుకోవచ్చు అన్నారు. బస్సు ఎక్కేముందు, మీరు చేరండి, నేను కళ్ళ సంగతి చూసుకుంటాను అన్నారు. ఈ మాట ఆయన ఎంత తేలిగ్గా అన్నా, వదినగారికి వెళ్ళి ఎలా చెప్పుకున్నారో నాకు తెలియదు, అడగలేదు కూడా.

కళ్ళ సంగతి నిజంగానే చూసుకున్నారు. ఆ నెలలోనే ఆపరేషన్ చేయించుకున్నారు. కన్ను కుదుటపడ్డాక ఎవరి దగ్గరో పాత ల్యాప్‌టాప్ ఒకటి సంపాదించారు. పట్టిసీమ అమ్మాయి సెలవు రోజుల్లో ద్రాక్షారామం వెళ్ళి నేర్పేది. మొదట్లో మౌసు ఆయన చేతిలో ఉండేది కాదు, బొమ్మిడాయి చేపలా జారిపోతోందని ఆ పిల్ల నవ్వుతూ చెప్పేది. ఎక్కడ నొక్కితే గీత పడుతుంది, ఎక్కడ నొక్కితే పక్కన మాట రాయొచ్చు, అన్నీ తెల్లకాగితం మీద తన చేతిరాతతో రాసి గోడకి అంటించుకున్నారట. ఈలోగా ఆయన దొరికిన పనల్లా చేశారు. పెళ్ళికార్డులు చూశారు, ఒక కాలేజీ సంచిక చూశారు. ఒక్కోసారి విసిగిపోయి మానేస్తానని నాకు ఫోన్ చేసేవారు. అయిందేదో అయింది, ఈ వయసులో ఇదంతా ఎవరి కోసం అనేవారు. ఆ రోజులు కూడా ఉన్నాయని మీకు చెప్పాలి. మర్నాడు మళ్ళీ కూర్చునేవారు.

తర్వాతి సీజను ప్రకటన వెలువడిన రోజే ఆయన రెజ్యూమె పంపించారు. పంపేముందు నాకూ ఆ అమ్మాయికీ చెరొకటి పంపి చూడమన్నారు. అందులో ఒక్క మాట మారింది. తెర మీద దిద్దడం నేర్చుకుంటున్నాను అన్నచోట తెర మీద దిద్దగలను అని ఉంది. మిగతాదంతా అలాగే ఉంది. అయినా ఇద్దరం మొదటి నుంచి చివరిదాకా చదివాం.

ఆయన పరీక్ష రాస్తున్నంతసేపూ మా ఇద్దరికీ పని నడవలేదు. ఏదో వంకతో ఒకరి తర్వాత ఒకరం వరండాలోకి వచ్చి నిలబడ్డాం. లోపల మేనేజరుగారి మాటలు ఏమీ వినిపించలేదు, ఈసారి తలుపు వేసి ఉంది. చాలాసేపయ్యాక తలుపు తెరుచుకుంది. ఆయన బయటికి వచ్చి, మమ్మల్ని అక్కడ చూసి ఆశ్చర్యపోయి, చెప్పులు వేసుకోబోతూ ఆగారు.

"మీరు మధ్యాహ్నం ఎక్కడ తింటారమ్మా ఇక్కడ?" అని అడిగారు.

మాకు ఒక క్షణం అర్థం కాలేదు. ముందు ఆ పిల్లకే అర్థమైంది.

"మేడ మీద గదిలోనండి, మాస్టారూ. క్యారేజీ తెచ్చుకోండి."

"అయితే మీ వదినకి ఇప్పుడే చెప్పాలమ్మా," అన్నారు నా వైపు తిరిగి. "ఆ క్యారేజీ ఏ అటక మీదుందో ఏమో, వెతకాలి." అని అక్కడే గోడకి ఆనుకుని ఇంటికి ఫోన్ కలిపారు.